కంప గీతలు, రాతి సొట్టలు: అడవి బాట పట్టిన బండ్ల గురించి పాఠకుల ప్రశ్నలు

ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల వైపు మట్టి బాటల్లో ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లు నడిపే పాఠకుల నుంచి ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో ఒకే చింత మళ్లీ మళ్లీ కనిపించింది. బండికి గీత పడితే, సొట్ట పడితే దాన్ని ఎలా చూడాలి, ఏం చేయాలి అన్నదే ఆ చింత. అందుకని ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాము. ఉత్తరాలను కుదించి ఇస్తున్నాము. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: ఆరు నెలల కిందట థార్ కొన్నాను. భద్రకాళి గుడి దగ్గర పూజ చేయించి ఇంటికి తెచ్చుకున్న బండి. గత నెల మిత్రులతో కలిసి ములుగు దాటి లోపలి మట్టి బాటలో వెళ్తే రెండు వైపులా కంప గీసుకొని తలుపుల నిండా సన్నటి గీతలు పడ్డాయి. వెనుక మడ్‌గార్డుకు రాయి తగిలి చిన్న సొట్ట పడింది. మిత్రులు "ఇప్పుడు నీ బండి నిజంగా బండి అయింది" అంటున్నారు. మా నాన్న మాత్రం 15 లక్షల సొమ్మును కంపల్లో ఈడ్చుకొచ్చావని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఎవరి మాట సరైనది? (హనుమకొండ పాఠకుడు)

జవాబు: ముందు మీ నాన్నగారి మాటను తీసుకుందాం, ఎందుకంటే దాన్ని పాతకాలపు భయమని కొట్టిపారేయడం అన్యాయం. మన దగ్గర బండి కొనడమంటే ఇంటికి లక్ష్మిని తెచ్చుకోవడమే. భద్రకాళి గుడికో, కొండగట్టు అంజన్న దగ్గరికో తీసుకువెళ్లి కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ప్రతి దసరాకూ పసుపు కుంకుమలు పెట్టే వస్తువు అది. కంపెనీ నుంచి వచ్చిన సీటు మీది ప్లాస్టిక్ కవరును కూడా ఏళ్ల తరబడి తీయని ఇళ్లు మనకు తెలిసినవే. వాయిదాలు ఇంకా కట్టవలసిన సొమ్ము మీద గీత పడితే ఆ తరం మనిషికి కడుపులో గీసినట్లు ఉండడం సహజం.

మీ మిత్రుల మాట వచ్చిన దారి వేరు. అమెరికాలో యూటా రాష్ట్రపు మోయాబ్ బండల మీద, కాలిఫోర్నియాలోని రూబికాన్ బాటలో బండ్లు నడిపేవాళ్లకు కొమ్మలు గీసిన గీతలు అలవాటైన సంగతి. కార్ల పక్కన కుంచెతో అలంకారానికి గీసే సన్న గీతలకు పిన్‌స్ట్రైప్ అని పేరు. ఎడారి పొదలు గీసిన గీతలను అక్కడివాళ్లు అరిజోనా పిన్‌స్ట్రైప్ అని పిలుచుకుంటారు. మచ్చ లేని బండి కనిపిస్తే ఇది తారురోడ్డు దిగిందా అని అడిగేవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఆ చూపు వీడియోల ద్వారా మన దాకా వచ్చింది. అందులో నేను ఒప్పుకునే భాగం ఒకటుంది, అది పరువు ప్రతిష్ఠలకు సంబంధించినది కాదు, నడకకు సంబంధించినది.

గీత పడుతుందేమోనన్న భయం స్టీరింగును తప్పు వైపు తిప్పిస్తుంది. ఎడమవైపు రేగు కంప తలుపును తాకబోతోందని కుడికి కోసిన డ్రైవరు కుడి చక్రాన్ని ఒర్రెలోకి దింపుతాడు. కంప తీసుకునేది కొంచెం రంగు. ఒర్రె తీసుకునేది ఆక్సిల్, స్టీరింగ్ రాడ్, ఒక్కోసారి బండి బోల్తా పడితే మనిషినే. మన అడవి బాటలు చాలావరకు ఎడ్లబండ్ల కోసం పడినవి. 1985లో వచ్చిన మారుతి జిప్సీ ఒళ్లు సన్నది. ఇప్పటి మారుతి జిమ్నీ వెడల్పు 1,645 మిల్లీమీటర్లు. ఇప్పటి థార్ 1,800 దాటింది. ఆ బాటలో ఆ వెడల్పుతో వెళ్లినప్పుడు పరికి, రేగు, సర్కారు తుమ్మ కొమ్మలు తగలకుండా పోవడం కుదరదు. కాబట్టి ఇల్లు కదిలే ముందే ఆ గీతలకు మనసును ఒప్పించుకోవాలి, లేదా ఆ బాటకు వెళ్లకూడదు. ఈ రెంటిలో ఏది ఎంచుకున్నా తప్పులేదు. బాట మధ్యలోకి వెళ్లాక రంగు గురించి బెంగపడడమే ప్రమాదం.

ఇక మీ బండి సంగతి. రేకు మీద రంగు ఒకే పొర కాదు. రేకు మీద చాలా భాగాల్లో జింకు పూత ఉంటుంది. దాని మీద బండి ఒళ్లంతటినీ తొట్టిలో ముంచి కరెంటు సాయంతో పట్టించే ప్రైమరు, ఆపైన మరో ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికీ పైన అద్దం లాంటి క్లియర్ కోటు ఉంటాయి. ఇన్ని పొరలూ కలిసినా మందం సుమారు 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు. బండిని కడిగి ఆరబెట్టిన తరువాత గీతకు అడ్డంగా గోరుతో గీసి చూడండి. గోరు ఆగకుండా జారిపోతే ఆ గీత క్లియర్ కోటులోనే ఆగింది, దానికి చిలుము పట్టదు. గోరు తట్టుకొని, గీత అడుగున తెల్లగానో బూడిద రంగులోనో కనిపిస్తే ప్రైమరు బయటపడింది, తీరిక చూసుకొని టచప్ చేయించాలి. మెరిసే రేకు కనిపిస్తే మాత్రం ఆ వారంలోనే శుభ్రం చేసి ప్రైమరు, రంగు వేయించండి. కంప గీతల్లో ఎక్కువ భాగం మొదటి రకానివే.

వాటిని ప్రతి ప్రయాణం తరువాత రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి రుద్దించాలని మీకు అనిపించవచ్చు. అలా చేయవద్దు. క్లియర్ కోటు మందం సుమారు 40 మైక్రాన్లే, పాలిష్ చేసిన ప్రతిసారీ అందులో కొంత అరిగిపోతుంది. ఆరాటంతో ఏడాదికి నాలుగుసార్లు పాలిష్ చేయించిన బండి పైకప్పు ఎండకు పొరలు లేవడం నేను కళ్లారా చూశాను. మరో మాట. చెలక నేలల దుమ్ములో ఉండే ఇసుక రేణువులు క్లియర్ కోటు కన్నా గట్టివి. ప్రయాణం నుంచి రాగానే పొడిగుడ్డతో తుడిచే అలవాటు కంప కన్నా ఎక్కువ గీతలు పెడుతుంది. ముందు నీళ్లు ధారాళంగా పోయండి, తరువాతే చేయి వేయండి.

సొట్ట విషయంలో అడగవలసిన ప్రశ్న ఒక్కటే. రంగు పగిలిందా, లేదా? పగలకపోతే ఆ సొట్ట కంటికి తప్ప బండికి బాధ కాదు. లోపలి వైపు నుంచి కడ్డీలతో మెల్లగా నెట్టి, రంగు చెడకుండా సరిచేసే పనివాళ్లు దొరికితే చేయించండి, లేకపోతే అలాగే ఉంచండి. తొందరపడి లప్పం పెట్టించడం మాత్రం వద్దు. ఇది నా సొంత అనుభవం. నా పాత జీపు తలుపు కింది అంచు రాతికి తగిలి లోపలికి పోతే, ఒక టింకరింగ్ షెడ్డులో రేకును సుత్తితో లేపకుండానే గుంటను లప్పంతో నింపి రంగు కొట్టి ఇచ్చారు. చూడడానికి కొత్త తలుపులా ఉంది. రెండు వానాకాలాలు గడిచాక రంగు మీద బుడగలు లేచాయి. వేలితో నొక్కితే రేకు పొరలు పొరలుగా రాలింది. లప్పం అదురుకు పగిలి, ఆ పగులులోంచి నీళ్లు పీల్చుకొని, కింద ఉన్న రేకును ఎవరికీ కనిపించకుండా తినేసింది. సొట్టను సొట్టలాగే వదిలేసి, పగిలిన రంగు దగ్గర ప్రైమరు పూసి ఉంటే ఆ తలుపు ఇప్పటికీ ఉండేది. లప్పం వాడకూడదని కాదు, రేకును ముందు సాపు చేసి, ఆఖరి పొరగా పల్చగా వాడవలసిన వస్తువు అది.

మీ మిత్రుల విషయంలోనూ ఒక మాట చెప్పాలి. బురదను గొప్పగా భావించి వారాల తరబడి కడగకుండా తిరిగేవాళ్లు తమ బండికి కంప కన్నా పెద్ద హాని చేస్తున్నారు. నల్లరేగడి తడిని విడిచిపెట్టదు. చక్రాల పైన రేకు మడతల్లో, చాసిస్ రంధ్రాల్లో, తలుపుల అడుగున నీళ్లు కారిపోవడానికి పెట్టిన చిల్లుల్లో ఆ మట్టి గట్టిగా పట్టుకుంటే లోపల చెమ్మ రోజుల తరబడి నిలుస్తుంది. రేడియేటరు రెక్కల్లో పేరుకుంటే ఇంజను వేడెక్కుతుంది. తలుపు మీది గీతలను ఉంచుకోండి, చక్రాల పైనున్న బురదను మాత్రం ఆ సాయంత్రమే కడగండి. వచ్చేసారి మీ నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకొని లక్నవరం దాకా తీసుకువెళ్లండి. బండి ఎందుకు కొన్నారో మీరు మాటల్లో చెప్పలేనిది ఆయన కళ్లతో చూస్తారు.

ప్రశ్న: మాది తొమ్మిదేళ్ల బొలెరో ట్రాలీ. యూరియా, పొటాష్ బస్తాలు చేనుకు, మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు తోలుతాం. వెనుక బాడీ నిండా సొట్టలే, వాటిలో ఒక్కటీ సరదాకు పడింది కాదు. పట్నం పిల్లలు బండ్లకు బురద పూసుకొని ఫొటోలు దిగుతుంటే వింతగా ఉంది. మా బండికి మొత్తం రంగు వేయించాలా, ఇలాగే నడుపుకోవాలా? (నర్సంపేట రైతు)

జవాబు: మొత్తం రంగు అవసరం లేదు, ఆ డబ్బును అడుగు భాగానికి పెట్టండి. మీ బండిలో సొట్టల కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీరు మామూలుగా రాసేసిన పొటాష్ మాట. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, అది ఒక ఉప్పు. సముద్రపు గాలి ఇనుమును ఎందుకు తింటుందో, బస్తా చిల్లులోంచి రాలిన పొటాష్ కూడా అందుకే తింటుంది. నర్సంపేటకు సముద్రం ఎంతో దూరం, అయినా మీ ట్రాలీ అడుగున బందరు తీరపు గాలి లాంటిదే ఏళ్లుగా పనిచేస్తోంది. యూరియా గాలిలోని చెమ్మను లాక్కొని రేకును తడిగా ఉంచుతుంది. సొట్ట పడిన చోట రంగు పగిలి, గుంటలో ఆ ఉప్పునీరు నిలిచి, పైన రబ్బరు పట్టానో గోనె సంచో పరిచి ఉంటే రేకు కుళ్లడానికి కావలసినవన్నీ ఒక్కచోట చేరినట్లే.

ఎరువు తోలే ముందు బాడీలో తాటిపత్రి పరచండి. దించిన రోజే మంచినీళ్లతో కడిగి, వెనుక తలుపు తెరిచి, బండిని కొంచెం ఏటవాలుగా నిలిపి ఎండలో ఆరబెట్టండి. మూలల్లో నీళ్లు పోయే చిల్లులు మూసుకుపోకుండా పుల్లతో తీస్తూ ఉండండి. ఏడాదికి ఒకసారి, మృగశిర కార్తె రాకముందు, అడుగున చిలుము పట్టిన చోట్లను ఇనుప బ్రష్షుతో రేకు కనిపించేదాకా గీకి, జింకు ప్రైమరో రెడాక్సైడో వేసి, ఆపైన రంగు పూయించండి. చిలుము గీకకుండా పైన నల్లటి తారు పూత పూయించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పూత కింద చెమ్మ చిక్కుకొని పని ఇంకా త్వరగా చెడుతుంది. ఇంకొక విషయం, సరుకు రవాణా బండ్లకు ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. చిరిగి బయటికి పొడుచుకువచ్చిన రేకు అంచులు మనుషులకు తగిలేలా ఉంటే అక్కడ అభ్యంతరం చెబుతారు. అవి సరిచేయించడం మీ దగ్గర పనిచేసే కూలీల చేతుల కోసమైనా అవసరం.

మీ బండి సొట్టలకు ఎవరి మెప్పూ అవసరం లేదు. ఏ సొట్ట ఏ పంటకు పడిందో మీకు గుర్తుండే ఉంటుంది.

ప్రశ్న: ఇన్సూరెన్సు ఫుల్లుగా కట్టాను. ఏడాది పొడవునా పడిన గీతలు, సొట్టలు అన్నీ కలిపి పాలసీ ముగిసే ముందు ఒకేసారి క్లెయిమ్ చేసి రంగు వేయించుకోవచ్చని ఒకరు సలహా ఇచ్చారు. నిజమేనా? (కరీంనగర్ పాఠకుడు)

జవాబు: ఆ సలహా పాటించవద్దు. వేర్వేరు రోజుల్లో పడిన దెబ్బలు వేర్వేరు సంఘటనలు, వాటిని ఒకే ప్రమాదంగా రాసి సంతకం పెట్టడం అబద్ధపు ప్రకటన అవుతుంది. అది బయటపడితే రేపు నిజంగా పెద్ద ప్రమాదం జరిగినప్పుడు మీ మాట మీద నమ్మకం ఉండదు.

నిజాయితీగా చేసే క్లెయిముకు కూడా లెక్క చూసుకోవాలి. 1,500 సీసీ దాటిన ఇంజను ఉన్న కారుకు ప్రతి క్లెయిములో తప్పనిసరిగా మీరు భరించవలసిన మొత్తం 2,000 రూపాయలు, అంతకు లోపు ఇంజనుకు 1,000 రూపాయలు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం ధరే ఇస్తారు, ఇనుప భాగాలకు బండి వయసును బట్టి తరుగు కోస్తారు. జీరో డిప్రిసియేషన్ తీసుకుంటే ఈ కోత ఉండదు. అన్నిటికన్నా ముఖ్యమైనది నో క్లెయిమ్ బోనసు. క్లెయిము లేని మొదటి ఏడాదికి 20 శాతం, తరువాత 25, 35, 45, ఐదేళ్లకు 50 శాతం దాకా సొంత నష్టపు ప్రీమియంలో తగ్గింపు వస్తుంది. ఒక్క క్లెయిముతో అది సున్నాకు పడిపోతుంది. బంపరు గీత కోసం ఐదేళ్ల బోనసును వదులుకోవడం తెలివైన పని కాదు.

పోటీగా నిర్వహించే పందేలకు, బండి సత్తా పరీక్షించే ట్రయల్సుకు మామూలు పాలసీ వర్తించదని అందులోనే రాసి ఉంటుంది. వాగులో ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్టు కొట్టవద్దు. నీళ్లు సిలిండర్లలోకి వెళ్లి ఉంటే ఆ ఒక్క ప్రయత్నంతో కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఇంజనుకు విడిగా రక్షణ తీసుకోకపోతే ఆ ఖర్చు దాదాపుగా మీదే అవుతుంది.

ప్రశ్న: ఐదేళ్లుగా బండి నడుపుతున్నాను. మా బృందంలో నేనొక్కదాన్నే స్త్రీని. మగవాళ్ల బండికి సొట్ట పడితే అది ఒక కథగా చెప్పుకుంటారు, నా బండికి పడితే "ఆడవాళ్ల డ్రైవింగు" అంటారు. గత నెల ముందు నిలబడి దారి చూపిన మిత్రుడు "రండి, రండి" అని పిలిచి నా బండి పక్క భాగాన్ని బండకు రాయించాడు. ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? (మంచిర్యాల పాఠకురాలు)

జవాబు: మీరు రాసిన మొదటి మాట చదివి బాధ కలిగింది. ఒకే రాయి, ఒకే వంపు, ఒకే రకం సొట్ట. ఒకరికి అది ధైర్యానికి గుర్తు, మరొకరికి చేతకానితనానికి రుజువు కావడం న్యాయం కాదు. మీ బృందం పెద్దలెవరో ఈ మాటను బాహాటంగా ఆపాలి. ఆపకపోతే నష్టం మీ ఒక్కరిదే కాదు. సొట్ట పడితే నవ్వుతారన్న భయంతో నడిపే మనిషి సాయం అడగవలసిన చోట అడగదు, ఆగవలసిన చోట ఆగదు.

ఖర్చు సంగతికి వస్తే, స్టీరింగు పట్టుకున్నవారిదే బాధ్యత అన్నది అన్ని చోట్లా నడిచే పద్ధతి, నేనూ దానినే సమర్థిస్తాను. దారి చూపేవాడు కన్ను మాత్రమే, బ్రేకు మీ కాలి కిందే ఉంటుంది. అయితే మంచి మిత్రుడు తనంతట తానుగా సగం పెట్టుకుంటానంటాడు, మీరు వద్దంటారు. సంబంధం చెడకుండా ఉండే మర్యాద అదే. ఇకముందు ఒక్కరే దారి చూపాలని, మిగతావాళ్లు మౌనంగా ఉండాలని ముందే మాట్లాడుకోండి. చూపేవాడు కనిపించకపోతే బండి ఆపాలి. "రండి" అన్న మాట కన్నా చేతి సైగ మేలు, ఎందుకంటే ఇంజను చప్పుడులో "రండి", "ఉండండి" ఒకేలా వినిపిస్తాయి.

పక్క భాగం అని రాశారు, తలుపు కింది అంచు పట్టీని వంగి చూడండి. థార్, బొలెరో, జిమ్నీ, గూర్ఖా లాంటి బండ్లలో బరువు మోసేది నిచ్చెన లాంటి చాసిస్, బాడీ దాని మీద కూర్చుంటుంది. వాటిలో ఆ అంచు నొక్కుకుపోతే చాలాసార్లు అది అందానికి దెబ్బే. చాసిస్ విడిగా లేకుండా బాడీయే బరువు మోసే కార్లలో ఆ పట్టీ బండికి ఎముక లాంటిది. మీది అలాంటి కారైతే వెంటనే కొలతలు తీయించండి.

ప్రశ్న: నాలుగేళ్ల సెకండ్‌హ్యాండ్ ఫోర్‌వీల్ డ్రైవ్ బండి బేరానికి వచ్చింది. ఒళ్లంతా గీతలు, రెండు సొట్టలు. మా మామ వద్దంటున్నాడు. (పెద్దపల్లి పాఠకుడు)

జవాబు: గీతలు దాచకుండా అమ్మకానికి పెట్టిన మనిషిని నేను కొంచెం ఎక్కువ నమ్ముతాను. అడవిలో తిరిగిన బండికి కొత్తగా రంగు వేయించి అమ్మితేనే భయపడాలి. బయటి రేకును వదిలేసి బండి కిందికి దూరండి. చాసిస్ పట్టీల మీద కొత్తగా వెల్డింగ్ చేసిన గుర్తులు, ముందు భాగంలో రంగు ముడతలు పడిన చోట్లు, ఆయిల్ చాంబరు మీద రాతి దెబ్బలు, వెనుక ఇరుసు మధ్యనుండే గేర్ల గుండు (డిఫరెన్షియల్) చుట్టూ నూనె తడి ఉన్నాయేమో చూడండి. సీటు బెల్టును చివరిదాకా లాగండి. చివరి మూరలో ఎండిన ఒండ్రు గీత కనిపిస్తే బండి సీటు దాకా నీళ్లలో మునిగిందని అర్థం, దాన్ని వదిలేయండి. "4L" గేరు, అంటే నాలుగు చక్రాలకూ నెమ్మదిగా ఎక్కువ బలం అందించే గేరు వేసి మట్టి నేల మీద నాలుగు అడుగులు ముందుకు, వెనక్కు నడపండి. ఇవన్నీ బాగుంటే రెండు సొట్టలు బేరంలో మీకు పనికివచ్చేవే.

ప్రశ్న: బంపరు కాపాడుకోవడానికి ముందు ఇనుప క్రాష్ గార్డు పెట్టించవచ్చా? (కాజీపేట పాఠకుడు)

జవాబు: వద్దు. అలాంటి గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. చట్టాన్ని పక్కనపెట్టినా, గుద్దినప్పుడు బంపరు నలిగి పీల్చుకోవలసిన దెబ్బను ఆ ఇనుము నేరుగా చాసిస్‌కు చేరవేస్తుంది, ఎయిర్‌బ్యాగు తెరుచుకోవలసిన లెక్కను మార్చేస్తుంది, ఎదురుగా వచ్చిన పాదచారిని చంపగలదు. బంపరు పగలడం దాని పనిలో భాగం.

ప్రశ్న: మాది జన్నారం దగ్గరి ఊరు. ఆదివారమైతే పది పన్నెండు పెద్ద బండ్లు మా ఊరి మీదుగా వాగు దాకా వస్తున్నాయి. వానపడిన మరునాడే వచ్చి బాటను గుంతలు చేస్తున్నాయి. రెండుసార్లు మా వరి మడి ఒడ్డు తెగింది. వాళ్ల బండికి గీత పడితే అందరూ చుట్టూ చేరి చూస్తారు. మా నేల మీద పడిన గీతను ఎవరు చూస్తారు? (ఒక రైతు)

జవాబు: ఈ శీర్షికలో అందరికన్నా ముందు అచ్చు వేయవలసిన ఉత్తరం మీది. చివర పెట్టింది మిగతా పాఠకులు తమ జవాబులు చదివిన తరువాత దీన్ని తప్పకుండా చదవాలన్న ఉద్దేశంతోనే.

ముందు చట్టం మాట. మీ జన్నారం వైపున్న కవ్వాల్ అడవి 2012 నుంచి పులుల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షను ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడం నేరం. ఏటూరునాగారం, పాఖాల అభయారణ్యాలకూ ఇదే వర్తిస్తుంది. ఊరి మీదుగా వాగు దాకా బాట ఉన్నంత మాత్రాన ఆ బాట దాటి లోపలికి వెళ్లే హక్కు రాదు. సరదాగా వెళ్లే బృందాలు అటవీ శాఖ తెరిచి ఉంచిన దారులకే పరిమితం కావాలి.

ఇక బండి నడిపేవారికి. బాట వెడల్పు కావడానికి అసలు కారణం గీతల భయమే. రెండు కంపల మధ్య నుంచి వెళ్లాలి, తలుపుకు గీత పడుతుంది. దాన్ని తప్పించుకోవడానికి మొదటి బండి పక్కనున్న మడిలోకి దిగుతుంది, వెనుక వచ్చే పది బండ్లూ ఆ చక్రాల జాడనే పట్టుకుంటాయి. సాయంత్రానికి ఒక కొత్త బాట పడుతుంది, ఒక ఒడ్డు తెగుతుంది. తలుపు గీతను ఒప్పుకోలేని మనిషి ఆ గీతను రైతు నేల మీదికి తోశాడన్నమాట. అందుకే మొదటి జవాబులో గీతలకు ముందే మనసు ఒప్పించుకోవాలని అంత గట్టిగా రాశాను. మీ రంగు 100 మైక్రాన్లు, మళ్లీ వేయించుకోవచ్చు. తడిసిన నల్లరేగడిలో చక్రం తిరుగుతూ తవ్విన గాడి ఆ వానాకాలమంతా నీటి కాలువ అవుతుంది. ఎండాకాలం వచ్చేసరికి అది ఎడ్లబండి ఇరుసును పట్టేసే గోడలా గట్టిపడుతుంది.

వాన పడితే నేల ఆరేదాకా, కనీసం మూడు నాలుగు ఎండలు కాసేదాకా, ఆ బాటకు రావద్దు. వచ్చే ముందు ఊళ్లో అడిగి రండి. బృందంలో ప్రతి బండిలోనూ ఒక పార ఉండాలి. పొరపాటున ఒడ్డు తెగితే అక్కడే ఆగి, రైతును పిలిచి, ఆయన చెప్పినట్లు మట్టి ఎత్తి, తొక్కి గట్టి చేసిన తరువాతే కదలాలి. ఒడ్డు తెగిన మడిలో నీళ్లు ఆ రాత్రికే ఖాళీ అవుతాయి కాబట్టి, వచ్చే వారం వచ్చి చేస్తామన్న మాటకు అర్థం లేదు. పంట పోయి ఉంటే దాని ఖరీదును ఆ రైతు చెప్పాలి, బృందం ఇవ్వాలి.

మీరు మాత్రం బండ్ల నంబర్లు, వచ్చిన తేదీలు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. అడవి హద్దు దాటినట్లు కనిపిస్తే అటవీ రేంజ్ కార్యాలయంలో రాతపూర్వకంగా ఇవ్వండి. బాట ఎక్కడెక్కడ వెడల్పయిందో, ఎన్ని ఒడ్లు తెగాయో మాకు కూడా రాసి పంపండి. వచ్చే సంచికలో ఈ పేజీలోనే ప్రచురిస్తాము.